ఊడ్చినన్నాళ్లు

ఖానాపురం హవేలి, ఖమ్మం
8 డిసెంబరు 2024

చిన్నక్క అత్తకు,

నీ మేనకోడలు కళావతి రాస్తున్నది. దీపావళికి ఫోన్ చేస్తే నేనడిగిన ఎనిమిది ప్రశ్నలకూ "తిన్న బిడ్డా, తిన్న" అన్నావు. ఎనిమిదో ప్రశ్న మేక ఈనిందా అని. ఇక ఫోనుతో లాభం లేదని ఈ రోజు బజారుకు పోయి కాగితాలు, కవర్లు కొన్నాను. ఆశ్రమ పాఠశాలలో ఆయాగా ఉన్నన్నాళ్లూ పిల్లలు చదివి పడేసిన పుస్తకాలన్నీ నువ్వు చదివేదానివి. నీకు రాయాలంటే నాకు పరీక్ష రాస్తున్నట్టే ఉంది.

లాయరు సుబ్బరత్నం మేడం దగ్గర టైపిస్టుగా చేరి మూడు నెలలైంది. మేడం మంచిదే కానీ ఆమె రాత చదవడానికి వేరే చదువు కావాలి. పొద్దున షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని పోతాను, సాయంత్రం అట్లాగే వస్తాను.

అసలు సంగతి చెప్తాను. బోనకల్ వైపు ఒక తల్లీకొడుకుల కేసు వచ్చింది. అందులో ఒక పాత వీలునామా, అంతా ఇంగ్లీషు. దాన్లో ఒక మాట దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. యూసుఫ్రక్ట్. మేడంను అడిగితే, ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఈ మాట రెండోసారి చూస్తున్నానంది. అలమారలోంచి లావుపాటి పుస్తకం తీసి నా ముందు పడేసింది. చదివి నాకూ చెప్పు అంది, నవ్వుతూ.

అర్థం ఏమిటంటే, వస్తువు ఒకరిది, దాని ఫలం ఇంకొకరిది. ఆ ఆసామి మామిడితోట కొడుక్కు రాసి, కాయలు మాత్రం భార్యకు రాశాడు. ఆమె కోసుకోవచ్చు, తినొచ్చు, అమ్ముకోవచ్చు. చెట్టు కొట్టడానికి ఆమెకు హక్కు లేదు. ఆమె నోటి దగ్గరి కాయ లాక్కోవడానికి కొడుక్కూ లేదు. ఈ హక్కు ఆమె బతికి ఉన్నంతవరకే, తర్వాత అంతా కొడుకుదే.

చదువుతుంటే నాకు మన మూడు ఇప్పచెట్లే కళ్లముందు కనబడ్డాయి అత్తా. చేను నాన్నది. చెట్లు నాన్న చేలో ఉన్నాయి. పువ్వు నీది. నీ పెళ్లినాడు తాత నలుగురిలో చెప్పి ఇచ్చాడని నువ్వే కదా చెప్పేదానివి. కలం పట్టడం రాని మన తాత ఇచ్చినదానికి ఇంగ్లీషులో పేరుందంటే నాకు ఎంత గర్వమైందో. ఆ రోజు ఆటోలో పక్కనామెకు కూడా చెప్పాను. ఆమె దిగిపోయింది.

నాన్న కళ్లకు చుక్కలు వేసుకుంటున్నాడో లేదో చూడు.

నీ
కళావతి

*

తునికిగూడెం, పర్ణశాల దగ్గర
20 డిసెంబరు 2024

ఖమ్మంలో ఉండే మా లాయరమ్మ కళావతికి,

మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి కుంటిది, అదే ఎక్కువ గంతులేస్తున్నది. ఉత్తరం పోస్టాయన చేతిలో చూసి నాకేదో దవాఖానా కాగితం వచ్చిందని మన వాకిట్లో నలుగురు చేరారు. నీ రాత బాగుంది, ముందుకు వంగి పరుగెత్తుతున్నట్టు ఉంటుంది, చిన్నప్పుడూ అంతే.

ఆ మాటను క్యాలెండరు వెనక రాసుకున్నాను. పొరుగింటి ముత్యాలుకు చదివి వినిపిస్తే, అది ఏ మందు పేరు అని అడిగింది. ఒంటి నొప్పులకు అని చెప్పాను. తనకూ రెండు తెప్పించమంది.

నవ్వు అయిపోయింది, ఇక విను. మీ నాన్న నెల రోజులుగా కోటేష్ బండి మీద తిరుగుతున్నాడు. ఆ కోటేష్ కాగితం మిల్లుకు పోయే జామాయిల్ మొక్కలు ఇప్పించే మనిషి. మన చుట్టూ సగం చేలు ఇప్పటికే జామాయిల్ అయిపోయాయి. నీ తండ్రిని కూడా తప్పు పట్టలేను. కళ్లు కనపడవు, నాగలి పట్టలేడు, మీ అమ్మ లేదు, నువ్వక్కడ. ఆ మొక్కలైతే పెట్టి మరిచిపోవచ్చునంట. కానీ ఇప్పచెట్ల నీడలో అవి ఎదగవని కోటేష్ అన్నాడని ముత్యాలు చెవిలో, అంటే నా చెవిలో పడేంత గట్టిగా, చెప్పింది. మా తమ్ముడు నాతో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

నాకు ఉన్నవి ఆ మూడు చెట్లే. మీ మామ పోయినప్పటి నుంచి ఆ పువ్వే నన్ను నిలబెట్టింది. ఎండబెట్టి అమ్ముకోవడం ఒక్కటే కాదు బిడ్డా. తెల్లవారకముందే గంప పట్టుకుని ఆ చెట్ల కిందికి పోయినప్పుడు నేను ఎవరి మీదా ఆధారపడ్డదాన్ని కాదు, మా నాయన బిడ్డను. శివరాత్రి దాటగానే చెట్ల కింద ఎట్లా ఊడవాలో అని ఇప్పటి నుంచే దిగులు. మోకాళ్లు మడత పడడం లేదు. ఊడవకపోతే ఊరేమనుకుంటుంది?

నీ ఉత్తరంలో ఒక మాట మాత్రం నాకు గుచ్చుకుంది. "బతికి ఉన్నంతవరకే, తర్వాత అంతా కొడుకుదే" అని రాశావు. మీ నాన్నకు ఉన్నది నువ్వొక్కదానివే. అంటే తర్వాత నీదే. నేనెప్పుడు పోతానా అని లెక్క చూసుకుని రాశావా అని ఒక పూట బాధపడ్డాను. రాయకుండా దాచుకుంటే అది పెరుగుతుంది కాబట్టి రాస్తున్నాను.

ఇంతకీ నీ ఇంగ్లీషు మాటకు రంపాన్ని ఆపే శక్తి ఉందా? అది కనుక్కుని రాయి.

మీ అత్త
చిన్నక్క

*

ఖానాపురం హవేలి
5 జనవరి 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాశాను గానీ నా మనసులో అట్లాంటిది లేదు. అమ్మ పోయాక వేసవి సెలవులకు నేను వచ్చింది మా ఇంటికి కాదు, నీ దగ్గరికే. నువ్వు నూరేళ్లు ఆ పువ్వు ఏరాలి. ఇంకెప్పుడూ అట్లా అనుకోకు.

రంపం సంగతి మేడంను అడిగాను. ఆమె వేరే ఫైలు చూస్తూనే చెప్పింది. ముప్పై ఏళ్లకు పైగా నలుగురికీ తెలిసి అనుభవిస్తున్నదాన్ని ఎవరూ ఒక్కరోజులో తీసేయలేరు, అవసరమైతే నోటీసు ఇద్దాం అంది. కాబట్టి నువ్వు భయపడకు. నీ హక్కు ఏ పనిలోనూ లేదు, నీలోనే ఉంది. నువ్వు కూర్చున్నా అది నీదే, పడుకున్నా నీదే. ఆ మాటకున్న బలం అదే.

అందుకని ఈ ఏడు మోకాళ్లు ఈడ్చుకుంటూ ఊడవడానికి పోకు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు వంగొద్దని చెప్పాడు కదా. ఊరేమనుకుంటుందని ఎందుకు? ఆకులు నాలుగు ఎక్కువుంటే పువ్వు ఏరడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే కదా. శ్రీరామనవమికి నేను వస్తాను, ఇద్దరం కలిసి ఏరుదాం.

ఇంకొకటి. నేను వచ్చేదాకా నాన్నతో ఈ విషయం ఎత్తొద్దు. లాయరు అనే మాట వింటే, అక్కా కూతురూ కలిసి నన్ను కోర్టుకు ఈడుస్తున్నారని గుండె పగులుతుంది ఆయనకు. నేను ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్తాను.

మేకపిల్లకు పేరు పెట్టావా?

నీ
కళావతి

*

తునికిగూడెం
24 ఫిబ్రవరి 2025

కళావతికి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. వాగు దగ్గర జారి పడ్డాను. మంచం దిగలేదు, అందుకే ఆలస్యం. ఎముక విరగలేదు, భయపడకు. ముత్యాలు రెండు పూటలా అంబలి పోస్తున్నది, పోస్తూ తిడుతున్నది. కుంటి మేకపిల్లకు నీ పేరే పెట్టాను. కోపం తెచ్చుకోకు, ఇంట్లో ఆ పేరు పిలవకపోతే నాకు తోచదు.

ఎల్లుండి శివరాత్రి. మొన్న మీ నాన్న వచ్చాడు. చాలా రోజుల తర్వాత వచ్చి గడపలో కూర్చున్నాడు. నేను టీ పెట్టలేనంటే తనే పెట్టుకుని నాకూ ఇచ్చాడు. చాలాసేపు మేకను చూశాడు. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"అక్కా, ఈసారి చెట్ల కిందికి పోతవా?"

అప్పుడే అడగాలనిపించింది, నువ్వు ఆ చెట్లను ఏం చేయబోతున్నావురా అని. నువ్వు ఎత్తొద్దని రాశావు కదా, నోరు కట్టుకున్నాను.

"కాళ్లు లేస్తలేవురా దూలయ్యా" అన్నాను, అంతే.

వాడు టీ సగం వదిలేసి పోయాడు. మా తమ్ముడు టీ వదిలేయడం నేను పుట్టాక చూడలేదు.

నేను చేసింది సరిగ్గానే ఉందా కళావతీ? నీ మాట మీద ఈ ఏడు చీపురు అటక ఎక్కింది. పెళ్లయ్యాక శివరాత్రి తర్వాత నా చేతిలో చీపురు లేకపోవడం ఇదే మొదటిసారి అవుతుంది. మంచంలో పడుకుని ఆ ఇంగ్లీషు మాట చదువుకుంటున్నాను. నోరు తిరుగుతున్నది ఇప్పుడు. పడుకున్నా నాదే అని రాశావు చూడు, అది పదిసార్లు చదివాను. అయినా నిద్ర పట్టదు.

జల్దీ జవాబు రాయి.

మీ అత్త

*

ఖానాపురం హవేలి
9 మార్చి 2025

అత్తా,

పడ్డ సంగతి ఇంతాలస్యంగానా చెప్పేది? చిన్న ఉత్తరమే రాస్తున్నాను, కోర్టు పని మీద పడి ఉంది. మేడం సంతకం పెట్టించుకోవడానికి ఆమె వెంట మెట్లెక్కి దిగడమే సరిపోతున్నది.

నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లు సరి. నాన్నతో గొడవ పెట్టుకోలేదు, మోకాళ్లనూ కాపాడుకున్నావు.

నాన్న మొన్న ఫోన్ చేశాడు. మామూలుగా నేనే చేస్తాను, ఆయన చేయడం ఎప్పుడూ లేదు. "మీ అత్త ఈసారి ఊడ్వలే బిడ్డా" అన్నాడు. నీ ఆరోగ్యం గురించి దిగులు పడుతున్నాడనుకుని, "నేనే వద్దన్నాను నాన్నా" అన్నాను. లైను పోయిందనుకున్నాను. తర్వాత "నువ్వే చెప్పినవా" అని, "సరే బిడ్డా" అని పెట్టేశాడు. చూశావా, ఆయనకు నీ మీద ప్రేమ ఎక్కడికి పోతుంది?

నవమికి రెండు రోజుల ముందే బయలుదేరుతాను. మోకాలి పట్టీ, తైలం కొన్నాను. గంపలు సిద్ధంగా పెట్టు.

నీ
కళావతి

*

తునికిగూడెం
19 మార్చి 2025

కళావతీ,

చెట్లు లేవు.

శుక్రవారం పొద్దున కొట్టేశారు. రంపం చప్పుడు ఊరంతా వినపడిందట. నాకు వినపడలేదు. ముత్యాలు పరుగెత్తుకొచ్చి చేతులతో చూపించింది. కర్ర పట్టుకుని నేను చేను చేరేసరికి రెండు కింద ఉన్నాయి, మూడోదాన్ని సగం దాకా కోశారు. ఇక దాన్ని నిలబెట్టినా నిలబడదు. కొమ్మల నిండా మొగ్గలు. ఇంకో వారం ఆగితే పువ్వు రాలేది.

నేను అక్కడ నిలబడి నీ ఇంగ్లీషు మాట గట్టిగా అన్నాను. నాకు వేరే ఏమీ తోచలేదు. కోటేష్ మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. రంపం వాళ్లు అన్నం తినడానికి లేచారు.

మీ నాన్న నా దగ్గరికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చుక్కల వల్ల కాదు. నా చెవి దగ్గర నిదానంగా చెప్పాడు.

"శివరాత్రి పోయి పదిహేను దినాలు చూసిన అక్కా. రోజూ పొద్దున వచ్చి చూసిన. ఆకు ఆకు మీదనే ఉన్నది. పిల్లనడిగితే నేనే వద్దన్న అన్నది. నీకూ వద్దు, పిల్లకూ వద్దు. ఇగ ఎవరి కోసం ఉంచాలె?"

అప్పుడు నాకు అర్థమైంది, నీకు తెలియదని. ఇన్నాళ్లూ నీకు తెలుసనే అనుకున్నాను. నువ్వు ఆరేళ్లకే హాస్టలుకు పోయావు. సెలవులకు వచ్చేసరికి పువ్వు రాలుతూ ఉండేది. నువ్వు ఏరడం చూశావు, ఊడవడం ఎన్నడూ చూడలేదు.

ఊడవడం ఆకుల కోసం కాదు బిడ్డా. మా నాయన నా పెళ్లినాడు నలుగురిలో అన్న మాట ఇది: "ఊడ్చినన్నాళ్లు నీది." శివరాత్రి దాటాక నేను పోయి చెట్ల కింద ఊడిస్తే, ఈ ఏడూ నాకు కావాలని అడిగినట్టు. మా తమ్ముడు ఆ నేల మీద కాలు పెట్టకుండా పక్కనుంచి పోతే, ఇచ్చినట్టు. ఏటా అంతే. నోటితో అడగడం లేదు, నోటితో ఇవ్వడం లేదు. వదులుకోవాలన్నా అంతే. మా మేనత్తకు మా ఇంటి చింతచెట్టు మీద ఇట్లాగే ఉండేది. ఆమె ముసలిదై, ఒక ఏడు ఊడవలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ ఏడు మా అమ్మ గంప పట్టుకుపోయింది. ఇచ్చేవాళ్లు చిన్నబుచ్చుకోకుండా, తీసుకునేవాళ్లు తలవంచకుండా మన ఇంట్లో పెట్టుకున్న పద్ధతి అది.

మీ నాన్న గడపలో కూర్చుని "పోతవా" అని నోటితో అడిగాడే, అది ఎవరూ చేయని పని. నా కోసం కట్టు తప్పి అడిగాడు. నేను కాళ్లు లేవడం లేదన్నాను. వాడికి అది జవాబు.

నాకు వాడి మీద కోపం రాలేదు. నీ మీద వచ్చింది. ఐదు రోజులు వచ్చింది, అందుకే రాయలేదు. ఆ తర్వాత నా మీద వచ్చింది. తెలిసినదాన్ని నేను. తెలిసీ నీ ఇంగ్లీషు మాటను పట్టుకుని చీపురు అటక మీద పెట్టాను.

చిన్నక్క

*

ఖానాపురం హవేలి
26 మార్చి 2025

అత్తా,

ఏ మొహంతో రాయాలో తెలియడం లేదు. మీ ఇద్దరి మధ్య ఉన్నదాన్ని నా చేత్తో తెంపాను. నాన్నకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను, హాస్టలు సంగతి, నాకు తెలియని సంగతి. ఆయన విన్నాడు. "అయిపోయింది కద బిడ్డా" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

మేడం నోటీసు ఇద్దామా అంది. ఎవరికి? మా నాన్నకా? వద్దన్నాను. అసలు ఆ రోజు అంత తేలిగ్గా ఎందుకు చెప్పారు మేడం అని అడిగాను. నువ్వు అడిగింది చెట్ల గురించి అనుకున్నా, మీ ఇంటి పద్ధతి గురించి నాకేం తెలుసమ్మా అంది. నిజమే. నాకే తెలియదు.

ఇది నీకు చెప్పకుండా ఉండొచ్చు. చెప్పకపోతే నాకు అన్నం దిగదు. నిన్న సాయంత్రం అందరూ పోయాక ఆ లావు పుస్తకం మళ్లీ తీశాను. మొదటిసారి చూసినప్పుడు నేను ఒక్క పేజీయే చదివాను. అర్థం దొరికింది కదా అని ఎగిరి గంతేసి మూసేశాను. పేజీ తిప్పితే, ఈ హక్కు ఎప్పుడెప్పుడు పోతుందో ఉంది. మనిషి పోతే పోతుంది. వస్తువు నాశనమైతే పోతుంది. మూడోది, చాలా ఏళ్లు వాడుకోకుండా వదిలేస్తే పోతుంది.

చూడు అత్తా. కూర్చున్నా నీదే, పడుకున్నా నీదే అని నేను రాసింది ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అది నా కల్పన. వాళ్లు ఏళ్ల తరబడి గడువిచ్చారు, తాత ఒక్క శివరాత్రి గడువిచ్చాడు. అంతే తేడా. తాత ఆ మాటను నాకంటే పూర్తిగా చదివాడు.

నవమికి రాలేను. ఆ చేను చూడలేను. పట్టీ, తైలం పార్సిల్ పంపుతున్నాను.

కళావతి

*

తునికిగూడెం
10 ఏప్రిల్ 2025

నీ పేరుగల మేకపిల్ల కన్నా మొండిదైన కళావతికి,

పట్టీ అందింది. బిగుతుగా ఉంది, కానీ పని చేస్తున్నది. తైలం సగం ముత్యాలు పట్టుకుపోయింది, ఒంటి నొప్పుల మందు ఇదేనా అని.

నవమికి ఊరంతా భద్రాచలం పోయింది. నేను పోలేదు. పార్సిల్ వచ్చిన మర్నాడు పట్టీ కట్టుకుని, అటక మీది చీపురు దింపించుకుని, పొద్దున్నే చేనుకు పోయాను. జామాయిల్ మొక్కల కోసం వరసలుగా గుంతలు తీసి ఉన్నాయి. మొదళ్ల పక్కనా తీశారు. ఎందుకు పోయానో అప్పుడు నాకూ తెలియదు. మూడు మొదళ్ల చుట్టూ ఊడ్చాను. రంపపు పొట్టు, ఎండిన మొగ్గలు, అంతా. ఒక్కో మొదలు దగ్గర కూర్చుని లేచేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. వినేవాళ్లు లేరు, నాకు నేనే సరిగ్గా వినపడను.

లేచి చూస్తే గట్టు మీద మీ నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. నన్ను చూసి, ఊడ్చిన నేల తొక్కకుండా చుట్టూ తిరిగి పోయాడు.

మర్నాడు ముత్యాలును తోడు తీసుకుని మళ్లీ పోయాను. మూడు మొదళ్ల చుట్టూ నేను ఊడ్చినంత మేరా గుంతలు పూడ్చి ఉన్నాయి. మట్టి ఇంకా తడిగా ఉంది. మిగతా చేనంతా మొక్కలు పెట్టారు, అక్కడ మాత్రం పెట్టలేదు. ఎవరు పూడ్చారో నేను అడగలేదు.

ఇప్పమొదలు నుంచి పిలక వస్తుంది. అది చెట్టయి పువ్వు రాల్చడానికి పది, పదిహేనేళ్లు పడుతుంది. నాకు అన్నేళ్లు లేవు. ఈసారి ఆ మాట నేనే అంటున్నాను, గుచ్చుకోవడం లేదు. నీ పుస్తకంలో రాసిన మూడిట్లో వస్తువు నాశనమైతే అన్నావే, అది ఇంకా కాలేదు. నేను పోవడం నా చేతుల్లో లేదు. మూడోది మన చేతుల్లో ఉంది.

చేను చూడలేనని రాశావు. చూడకపోతే ఎట్లా నేర్చుకుంటావు? వచ్చే శివరాత్రి తర్వాత ఎనిమిది రోజులు మేడంను సెలవు అడుగు. కింద కూర్చుని ఊడవాలి, నిలబడి కాదు. మొదలు వైపు నుంచి బయటికి ఊడవాలి. మీ నాన్నతో ఏమీ చెప్పొద్దు, వాడే చూస్తాడు.

చీపురు ఇప్పుడు అటక మీద లేదు. తలుపు వెనక పెట్టాను.

మీ అత్త
చిన్నక్క